శస్త్రచికిత్సా పరిశోధనలో సాంఖ్యక దోషాలు – వాటి నివారణ

సాటి మానవుని శరీరంపై కత్తి పెట్టే అధికారాన్ని సమాజం వైద్యునికి ఒక నమ్మకం మీద ఇచ్చింది. కోత వలన కలిగే బాధ కన్న దానివలన కలిగే మేలు ఎక్కువ అన్నదే ఆ నమ్మకం. మందు వికటించినచో దానిని మానివేయవచ్చును. కోసి తీసివేసిన అవయవాన్ని మరల యథాస్థానంలో నిలుపుట సాధ్యం కాదు. కాబట్టి ఒక శస్త్రచికిత్స నిజంగా మేలు చేస్తున్నదా, లేదా అన్న ప్రశ్నకు సమాధానం ఎంతో జాగ్రత్తగా వెదకవలసి యున్నది.

ఈ సమాధానాన్ని వైద్యుని జ్ఞాపకశక్తికి వదలివేయుట క్షేమం కాదు. కోలుకొని, కృతజ్ఞతతో తిరిగి వచ్చి నమస్కరించిన రోగి గుర్తుంటాడు. తిరిగి రాని రోగి గుర్తుండడు. అందుచేతనే లెక్క అవసరమైంది. అయితే లెక్కించుట వేరు, సరిగా లెక్కించుట వేరు. శస్త్రచికిత్సా పరిశోధనలలో కనిపించే దోషాలలో కూడికలు, తీసివేతల తప్పులు బహు స్వల్పం. ఎవరిని ఎవరితో పోల్చినారు, దేనిని లెక్కించినారు, ఎవరిని లెక్కలోనుండి జారవిడిచినారు అన్న విషయాలలోనే పెద్ద దోషాలు దాగి ఉంటాయి. సూత్రాల జోలికి పోకుండా, చరిత్రలో నిజంగా జరిగిన కొన్ని ఉదాహరణల ద్వారా ఈ సంగతిని వివరించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

పోలిక లేని లెక్క

"ఈ ఆపరేషన్ చేయించుకొన్న నూరు మందిలో ఎనభై మంది కోలుకొన్నారు" అన్న వాక్యం వినుటకు ఇంపుగా ఉంటుంది. కాని ఆపరేషన్ చేయకుండా ఉన్నచో ఎంతమంది కోలుకొని ఉండేవారో తెలియనంత వరకు దానికి అర్థం లేదు.

ఈ మర్మాన్ని గుర్తించిన ప్రాచీనులలో అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ ఒకరు. 9వ శతాబ్దం చివర, 10వ శతాబ్దం తొలి పాదంలో రయ్, బాగ్దాదు నగరాలలో వైద్యం చేసిన ఆ మహనీయుని పేరు మన కళాశాల ఉర్దూ విభాగం విద్యార్థులకు కొత్త కాదు. మెదడు పొరల వాపు లక్షణాలు కనిపించిన రోగులలో కొందరికి నరం కోసి రక్తం తీసి, మరికొందరికి బుద్ధిపూర్వకంగా తీయకుండా ఉంచి, ఫలితాలను పోల్చి చూచినట్లు ఆయన తన 'అల్ హావీ' గ్రంథంలో వ్రాసుకొన్నారు. చికిత్స పొందని వారిని కూడ గమనించవలెనన్న ఆలోచన వేయి సంవత్సరాల నాటిదన్నమాట.

అయితే పోలిక ఉన్నంత మాత్రాన చాలదు. పోల్చబడే రెండు వర్గాలు చికిత్స ఒక్కటి తప్ప తక్కిన అన్ని విషయాలలో సమానంగా ఉండవలెను. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో తాను చేసిన చికిత్సలను గూర్చి జోసెఫ్ లిస్టర్ 1870లో ప్రకటించిన లెక్కలను చూడండి. కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధి చేయుటకు పూర్వం, అనగా 1864, 1866 సంవత్సరాలలో, ఆయన వార్డులలో అవయవచ్ఛేదనం జరిగిన 35 మందిలో 16 మంది మరణించినారు. ఆ పద్ధతి ప్రవేశపెట్టిన తరువాత, 1867 నుండి 1869 వరకు, 40 మందిలో 6 గురు మాత్రమే మరణించినారు. మరణాలు నూటికి సుమారు 46 నుండి 15కు తగ్గినవి. సాంఖ్యక నిర్ణయానికి ఈ సంఖ్యలు చిన్నవని లిస్టర్ స్వయంగా అంగీకరించుట ఆయన నిజాయితీకి నిదర్శనం.

లిస్టర్ చెప్పినది నిజమని తరువాతి చరిత్ర నిరూపించింది. కాని నిన్నటి రోగులను నేటి రోగులతో పోల్చే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం కలదు. కాలం మారినప్పుడు చికిత్స ఒక్కటే మారదు. దాదుల శిక్షణ, ఆహారం, ఆసుపత్రి పరిశుభ్రత, చేర్చుకొనే రోగుల స్థితి, అన్నీ మారుతుంటాయి. ఫలితంలోని మార్పు దేనివలన వచ్చిందో విడదీయుట కష్టమవుతుంది.

దీనికి విరుగుడు మన ఊళ్లలో పంపకాలప్పుడు పెద్దలు చేసే పని వంటిదే. చీటీలు వేయుట! ఏ రోగి ఏ చికిత్స పొందవలెనో వైద్యుడు గాని, రోగి గాని నిర్ణయించక, యాదృచ్ఛికంగా నిర్ణయించినచో బలవంతులు, బలహీనులు, వృద్ధులు, యువకులు రెండు వర్గాలలోను ఇంచుమించు సమంగా పడతారు. మనకు తెలియని భేదాలు కూడ ఈ విధంగానే సర్దుకొంటాయి. 1948లో బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ మందుపై ప్రకటించిన పరిశోధన ఈ పద్ధతికి మార్గదర్శకమైంది.

మొత్తం చెప్పే అబద్ధం

సమానం కాని వర్గాలను పోల్చినప్పుడు లెక్క ఎంత వింతగా తలక్రిందులవుతుందో మూత్రపిండాలలోని రాళ్ల కథ తెలియజేస్తుంది. 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వెలువడింది. అందులో పెద్ద కోతతో రాళ్లు తీసే పాత పద్ధతి 350 మందిలో 273 మందికి సఫలమైంది. అనగా నూటికి 78. చిన్న రంధ్రం ద్వారా తీసే కొత్త పద్ధతి 350 మందిలో 289 మందికి సఫలమైంది. అనగా నూటికి 83. కొత్త పద్ధతియే మేలని ఎవరైనా అంటారు.

ఇప్పుడు రోగులను రాళ్ల పరిమాణాన్ని బట్టి విడదీసి చూద్దాం. రెండు సెంటీమీటర్ల కన్న చిన్న రాళ్లు గల వారిలో పాత పద్ధతి 87 మందిలో 81 మందికి, అనగా నూటికి 93 మందికి సఫలమైంది. కొత్త పద్ధతి 270 మందిలో 234 మందికి, అనగా నూటికి 87 మందికి సఫలమైంది. పెద్ద రాళ్లు గల వారిలో పాత పద్ధతి 263 మందిలో 192 మందికి, అనగా నూటికి 73 మందికి, కొత్త పద్ధతి 80 మందిలో 55 మందికి, అనగా నూటికి 69 మందికి సఫలమైంది. చిన్న రాళ్లలోను పాతదే పైచేయి, పెద్ద రాళ్లలోను పాతదే పైచేయి. కాని కలిపి చూచినప్పుడు మాత్రం కొత్తది గెలిచినట్లు కనిపిస్తున్నది!

ఇందులో మాయ ఏమియు లేదు. కష్టమైన పెద్ద రాళ్లలో అధిక భాగం పాత పద్ధతి పాలైనవి. సులభమైన చిన్న రాళ్లలో అధిక భాగం కొత్త పద్ధతి పాలైనవి. మొత్తంలో గెలిచినది పద్ధతి కాదు, సులభమైన రోగం. పైగా పాత పద్ధతి రోగులు 1972 నుండి 1980 వరకు, కొత్త పద్ధతి రోగులు 1980 నుండి 1985 వరకు చికిత్స పొందినవారు. ఇంతమాత్రం చేత పాత పద్ధతియే శ్రేష్ఠమని తీర్మానించుట కూడ తొందరపాటే. ఇట్టి లెక్కతో ఏ తీర్మానమూ చేయరాదన్నదే ఇందలి నీతి. ఒక సర్జన్ ఫలితాలను మరియొక సర్జన్ ఫలితాలతో, ఒక ఆసుపత్రి మరణాలను మరియొక ఆసుపత్రి మరణాలతో పోల్చేవారు దీనిని మరువరాదు. కఠినమైన రోగాలను స్వీకరించే పెద్దాసుపత్రిలో మరణాలు ఎక్కువగా కనిపించుట సహజం.

దేనిని లెక్కించవలెను?

పోలిక సరిగా ఉన్నను, కొలిచే వస్తువు సరియైనది కానిచో ప్రయోజనం లేదు. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 1894లో రొమ్ము క్యాన్సర్‌కు తాను చేసిన 50 ఆపరేషన్ల ఫలితాలను ప్రకటించినారు. రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించే తీవ్రమైన చికిత్స అది. కోసిన స్థలంలోనే రోగం తిరుగబెట్టుట ఇతర వైద్యుల రోగులలో కన్న ఆయన రోగులలో చాల తక్కువ. ఈ లెక్క లోకాన్ని ఆకట్టుకొన్నది.

కాని ఆ స్త్రీలు కోరుకొన్నది ఏమిటి? కోసిన స్థలం శుభ్రంగా ఉండుట మాత్రమే కాదు, బ్రతికి ఉండుట. తక్కువ కోతతో చేసే చికిత్స పొందినవారి కన్న ఈ తీవ్ర చికిత్స పొందినవారు ఎక్కువ కాలం జీవిస్తున్నారా అన్న ప్రశ్నను చీటీల పద్ధతిలో పెద్ద ఎత్తున పరీక్షించుటకు 1971 వరకు ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన ఆరంభమైన పరిశోధనలో 1600 మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. 25 సంవత్సరాల ఫలితాలు 2002లో వెలువడినవి. కండరాలను కూడ తొలగించుట వలన ఆయుర్దాయం పెరుగలేదని తేలింది. ఈ మధ్యకాలంలో ఎన్నో దేశాలలో అసంఖ్యాక స్త్రీలు ఛాతీ కండరాలను కోల్పోయి, భుజాల వాపుతో శేషజీవితం గడిపినారు. ఇక్కడ చెడ్డ వైద్యుడు ఎవడూ లేడు. దేనిని లెక్కించవలెనో ముందుగా ఆలోచింపక పోవుటయే జరిగిన లోపం.

కొలిచే మనిషి, కొలువబడే మనిషి

నొప్పి, ఆయాసం, నడువగల శక్తి వంటివి రోగి చెప్పగా తెలిసే విషయాలు. ఆపరేషన్ జరిగిందన్న నమ్మకమే నొప్పిని కొంత తగ్గిస్తుంది. 1950 దశకంలో గుండెనొప్పికి ఛాతీలోపలి ఒక ధమనిని ముడివేసే ఆపరేషన్ ప్రచారంలో ఉండేది. చాలమంది రోగులు తమకు గుణం కనిపించిందని చెప్పినారు. 1959లో అమెరికాలో లియొనార్డ్ కాబ్, ఆయన సహచరులు 17 మంది రోగులపై చేసిన పరిశోధనలో కొందరికి ధమనిని ముడివేసి, మరికొందరికి చర్మంపై కోత మాత్రం పెట్టి కుట్టివేసినారు. ఏది జరిగినదో రోగికి తెలియదు. రెండు వర్గాలవారికీ ఒకే విధంగా గుణం కనిపించింది! మరుసటి సంవత్సరం మరియొక బృందం 18 మందిపై చేసిన పరిశోధన కూడ ఇదే తెలిపింది. ఆ ఆపరేషన్ అంతటితో మూలబడింది.

ప్రతి ఆపరేషన్‌కు ఇట్టి ఉత్తుత్తి కోత పెట్టుట ధర్మం కాదు, సాధ్యమూ కాదు. కాని ఫలితాన్ని కొలిచే వ్యక్తి ఆపరేషన్ చేసిన సర్జన్ కాకుండా, ఎవరికి ఏ చికిత్స జరిగినదో తెలియని వేరొకరు అయ్యేటట్లు చూచుట ఎల్లప్పుడూ మంచిది. తన వంటను తానే రుచి చూచి మెచ్చుకొనే వంటవాని తీర్పును ఎవరు నమ్ముతారు?

జారిపోయిన రోగులు

చీటీలు వేసి రెండు వర్గాలు చేసిన తరువాత కూడ అందరూ చీటీ ప్రకారం నడువరు. ఆపరేషన్ చీటీ వచ్చిన వారిలో కొందరు ఆ తేదీ రాకముందే మరణిస్తారు. మందుల చీటీ వచ్చిన వారిలో కొందరు తరువాత ఆపరేషన్ చేయించుకొంటారు. వీరిని ఏ లెక్కలో వేయవలెను?

గుండె ధమనులకు బైపాస్ ఆపరేషన్‌పై ఐరోపాలో జరిగి 1979లో తొలి ఫలితాలు ప్రకటితమైన పరిశోధనలో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. మందుల వర్గంలో 373 మంది ఉండగా రెండేళ్లలో 29 మంది మరణించినారు. ఆపరేషన్ వర్గంలో 395 మంది ఉండగా 21 మంది మరణించినారు. అనగా నూటికి 7.8, 5.3. ఈ భేదం కాకతాళీయం కావచ్చునన్న సందేహం తీరనంత చిన్నది. కాని ఆపరేషన్ చీటీ వచ్చియు ఆపరేషన్ జరుగని వారు 26 మంది. వారిలో 6 గురు మరణించినారు. మందుల చీటీ వచ్చియు ఆపరేషన్ చేయించుకొన్నవారు 50 మంది. వారిలో ఇద్దరే మరణించినారు. "వాస్తవంగా ఎవరికి ఏది జరిగిందో దానినిబట్టి లెక్కిద్దాం" అన్నచో మందుల మరణాలు నూటికి 9.5 అయి, ఆపరేషన్ మరణాలు 4.1కి దిగుతాయి. ఒక్కసారిగా ఆపరేషన్ అద్భుతంగా కనిపిస్తుంది! ఆపరేషన్ వరకు బ్రతికి ఉండలేని వారి మరణాలను మందుల ఖాతాలో వ్రాయుటయే ఈ అద్భుతానికి కారణం. ఆ పరిశోధనను మరికొన్ని సంవత్సరాలు కొనసాగించినప్పుడు కొన్ని తరగతుల రోగులకు ఆపరేషన్ మేలు చేయుట న్యాయమైన లెక్కలోనే వెల్లడైంది. కాబట్టి నియమం ఇది: ఏ చీటీ వచ్చిన రోగిని చివరి వరకు ఆ వర్గంలోనే లెక్కించవలెను.

కనిపించనిది లేనట్లు కాదు

చిన్న సంఖ్యలు రెండు విధాల మోసం చేస్తాయి. మొదటిది, "30 ఆపరేషన్లలో ఒక్క మరణమూ లేదు" అన్న గర్వం. ఒక సులభ సూత్రం కలదు. ఎన్ని ఆపరేషన్లలో ఏ ప్రమాదమూ కనిపించలేదో ఆ సంఖ్యతో మూడును భాగించండి. వాస్తవమైన ప్రమాదం అంతవరకు ఉండే అవకాశం ఉన్నది. 30 ఆపరేషన్లకు అది నూటికి 10! 300 ఆపరేషన్లలో మరణం లేనప్పుడు కూడ నూటికి 1 వరకు ఉండవచ్చును.

ఈ పాఠానికి దగ్గరి ఉదాహరణ హైదరాబాదు చరిత్రలోనే లభిస్తుంది. శస్త్రచికిత్సలో మత్తుకు వాడే క్లోరోఫారం గుండెను ఆపుతుందా, లేక శ్వాసను ఆపుతుందా అన్న వివాదాన్ని తీర్చుటకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లోను, మరల 1889లోను హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు పనిచేసినవి. రెండవ దానిలో పాల్గొనుటకు లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చినారు. ఎన్నో జంతువులపై పరీక్షలు జరిపి, ముందుగా ఆగేది శ్వాసయేనని, గుండెకు నేరుగా భయం లేదని కమిషన్ తీర్మానించింది. ఒక సందేహాన్ని వాదంతో కాక ప్రయోగంతో తీర్చబూనుట మనం గర్వింపదగిన విషయమే. కాని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలలో, క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని తేలింది. అనగా అపాయం పొంచియున్న తావు వేరు, కమిషన్ ముఖ్యంగా వెదకిన తావు వేరు. అరుదైన ప్రమాదం మన పరీక్షలలో కనిపించనంత మాత్రాన లోకంలో లేదని చెప్పరాదు.

రెండవ మోసం, "రెండు చికిత్సల మధ్య భేదం లేదు" అన్న తీర్మానం. ఆపరేషన్ తరువాతి ఉపద్రవాలు నూటికి 10 నుండి 5కు తగ్గుట ఎంతో మేలు. కాని ఇంతటి భేదాన్ని తగినంత నమ్మకంగా పట్టుకొనుటకు ఒక్కొక్క వర్గంలో సుమారు 430 మందికి పైగా రోగులు కావలెను. 20 మందిని, 20 మందిని పోల్చి "భేదం లేదు" అనుట, కళ్లద్దాలు లేకుండా చూచి "అక్షరాలు లేవు" అనుట వంటిది. అట్టిచోట "భేదం నిరూపణ కాలేదు" అని మాత్రమే వ్రాయవలెను.

ఇరువదిలో ఒకటి

పరిశోధకులు 0.05 అనే సంఖ్యకు గొప్ప పూజ చేస్తుంటారు. చికిత్సల మధ్య నిజంగా భేదం లేకున్నను, కేవలం కాకతాళీయంగా ఇంతటి భేదం కనిపించే సంభావ్యత ఇరువదిలో ఒకటి కన్న తక్కువైనప్పుడు ఫలితాన్ని 'సార్థకం' అంటారు. కాని ఒకే పరిశోధనలో నొప్పి, జ్వరం, రక్తస్రావం, కుట్ల వాపు అంటూ ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరువది విషయాలను పరీక్షించినచో, ఏ భేదమూ లేకున్నను కనీసం ఒకటి 'సార్థకం'గా కనిపించే సంభావ్యత నూటికి 64. అదొక్కటే ప్రకటించి తక్కిన పందొమ్మిదింటిని దాచుట, గోడ మీద బాణం గుచ్చి తరువాత దాని చుట్టూ గురి గీయుట వంటిది. ముఖ్యమైన ప్రశ్న ఏదో ముందే వ్రాసిపెట్టుకొనుట దీనికి విరుగుడు.

సగటు విషయంలోను జాగ్రత్త అవసరం. పదిమంది రోగులు ఆసుపత్రిలో వరుసగా 3, 3, 4, 4, 4, 5, 5, 5, 6, 41 రోజులు ఉన్నారనుకొందాం. సగటు 8 రోజులు. కాని తొమ్మిది మంది ఆరు రోజులలోపే ఇల్లు చేరినారు! ఇట్టిచోట మధ్యగతం, అనగా 4.5 రోజులు, సత్యానికి దగ్గర. అదే విధంగా 50 మందికి రెండేసి కళ్లకు శుక్లాలు తీసి 100 మంది రోగులైనట్లు లెక్కించరాదు. ఒకే మనిషి రెండు కళ్లు ఒకే రక్తాన్ని, ఒకే మధుమేహాన్ని పంచుకొంటాయి.

ముగింపు

1938లో కలకత్తాలో జరిగిన భారత సాంఖ్యక మహాసభలో రొనాల్డ్ ఫిషర్ ఒక చక్కని మాట చెప్పినారు. ప్రయోగం ముగిసిన తరువాత సాంఖ్యక శాస్త్రజ్ఞుని సంప్రదించుట శవపరీక్షకు పిలుచుట వంటిదని, ప్రయోగం దేనివలన చనిపోయిందో మాత్రమే ఆయన చెప్పగలడని దాని సారాంశం. శవపరీక్ష చేయునది వైద్యుడే కాబట్టి ఈ మాట శస్త్రవైద్యులకు మరింత బాగా అర్థం కావలెను. ఆ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన తెలుగు బిడ్డ సి. ఆర్. రావు ప్రపంచ సాంఖ్యక శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైనారు. 2023లో ఆయన కీర్తిశేషులైనారు. ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు.

మన విద్యార్థులలో కొందరు వైద్యులు కావచ్చును, కొందరు గణిత శాస్త్రజ్ఞులు కావచ్చును, చాలమంది ఏదో ఒకనాడు రోగులుగానో, రోగి బంధువులుగానో ఆపరేషన్ గది ముందు నిలువక తప్పదు. "ఈ ఆపరేషన్ నూటికి తొంబై మందికి గుణమిస్తుంది" అన్న మాట విన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుట అలవాటు చేసుకొనవలెను. ఎవరితో పోల్చినారు? ఏది కొలిచినారు? ఎవరు లెక్కలోనుండి జారిపోయినారు? ఎంతమందిని చూచినారు? ఈ ప్రశ్నలు అడుగుట వైద్యుని అవమానించుట కాదు. ప్రతి శాతం వెనుక కోతను భరించిన ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి బాధ వృథా కాకుండా, తరువాతి రోగికి సత్యంగా ఉపయోగపడేటట్లు చూచుటయే సరియైన లెక్కకు పరమార్థం.